ఏరుకోడం

మా రేవులో వేట అంటే నీళ్ళమీదదే.
అమ్మతల్లికి కోసేదాన్నీ వేటే అంటారు.
నేలమీది వేట మాత్రం ఏడాదికి ఒక్కసారి,
గువ్వల్లంకలో రెల్లు కాలిన మర్నాడు.

ఎవరు అంటించారని ఎవరూ అడగరు.
చుట్టపీక అంటారు. పిడుగు అంటారు,
మబ్బుతునక లేని ఫాల్గుణంలో.
గౌతమి ఇవతలి గట్టున నిలబడితే
మంటకంటే ముందు చప్పుడొచ్చేది,
పెద్ద మంగలంలో పేలాలు వేగుతున్నట్టు.
తరవాత గద్దలు.
వాటికెలా తెలుస్తుందో, పొగ అంచునే తిరుగుతూ
లేచిన మిడతనల్లా గాల్లోనే అందుకునేవి.
దసరానాడు దణ్ణం పెట్టించుకునే పాలపిట్ట
కాలుతున్న దుబ్బు పక్కన మొద్దుమీద కూచుని
సగం కమిలిన తొండని మింగుతుంటే చూశాను.

నాకప్పుడు పదేళ్ళు. తలుపులయ్య మావ
నన్ను నావ కొసన కూచోబెట్టుకుని తీసుకెళ్ళాడు.
లంక దిగితే నేల ఇంకా వెచ్చగా ఉంది.
అంత దూరం కనబడ్డం అదే మొదలు.
నిన్నటిదాకా మనిషి మునిగే రెల్లు,
ఇవాళ ఈ కొననుంచి ఆ కొనకి
తాబేలు డిప్ప కూడా దాగలేదు.

నాకు దొరికింది పూరేడు గూడు.
ఐదు గుడ్లు, గూట్లోనే ఉడికిపోయాయి.
ఒలుచుకు తిన్నాను. ఉప్పు లేకపోయినా బాగున్నాయి.
అబద్ధమెందుకు, చాలా బాగున్నాయి.

అవతలి రేవు కుర్రాళ్ళు అప్పటికే దిగిపోయారు.
నాలుగు కుక్కలు, ఒక నాటు తుపాకి.
కర్రకి పన్నెండు చెవులపిల్లులు వేలాడుతున్నాయి.
వాటికి పరిగెత్తడం వచ్చు.
ఎక్కడికో తెలీక నీళ్ళదాకా పోయి
వెనక్కి తిరిగి
కుక్కల నోళ్ళలోకే వచ్చాయి.

మావ వల విప్పలేదు.
బడి మొహం చూడని మనిషి, వంగి వంగి
బూడిదని చదువుతున్నాడు.
"ఇది నక్క. రాత్రే పాయ దాటేసింది, జాణ.
ఇది ఉడుము, తోక ఈడ్చుకుంటా పోయింది.
ఇదిగో, ఇది బావురుపిల్లి."
మూడు పాదాలు ఒత్తుగా, నాలుగోది ఆనీ ఆననట్టు.
నీటి అంచునుంచి మొగలిపొద దాకా,
మళ్ళీ నీటిదాకా,
మళ్ళీ పొదదాకా.
"ఎన్నిసార్లు తిరిగిందో లెక్కెట్టు" అన్నాడు.
తొమ్మిది దాకా పెట్టి వదిలేశాను.
పొద లేదు. మొదళ్ళనుంచి సన్నగా పొగ.
అందులో ఏముందో మావ చూశాడు,
నన్ను చూడనివ్వలేదు.

"ఏం మావా, ఏటకొచ్చి ముగ్గులు చూస్తన్నావా?"
కుర్రాళ్ళు కేకేశారు.
మావ చుట్ట నోట్లోంచి తీశాడు.
"ఇది ఏట కాదెహె. ఏరుకోడం."
వాళ్ళు నవ్వారు. నేను లాగు జేబులో ఉన్న
గుడ్డుపెంకుల్ని ఇంకా లోపలికి తోశాను.

అలాగని మావేం సాధువు కాదు.
తొలకరి పడి, లేత రెల్లు మోకాలెత్తు లేచి
చెవులపిల్లులు మేతకి తిరిగొచ్చాక
వల భుజానేసుకుని తనూ వెళ్ళేవాడు.
ఎప్పుడో ఒకటి తెచ్చేవాడు. చాలాసార్లు ఉత్తచేతులే.
ఉల్లిపాయలు ముందే తరిగిపెట్టుకున్న నూకాలత్త
ఆ ఉల్లిపాయలతోనే పులుసు పెట్టి తిడుతూ వడ్డించేది.
"దానికి దాక్కోడానికి చోటుండాలి,
నాకు ఎతుక్కోడానికి పనుండాలి కదే" అనేవాడు.
ఆవిడకి ఆ మాట ఎప్పుడూ నచ్చలేదు.

ఇప్పుడు లంకలో సగం రొయ్యల చెరువులు.
మిగతా సగం ఏటా కాలుతూనే ఉంది.
మావ వలని అటకమీద ఎలుకలు కొరికేశాయి.

మొన్న యానాం నుంచి ఖాళీ పడవతో వస్తూ
మసకచీకట్లో లంక వారగా పోనిచ్చాను.
నల్లటి నేలమీద సెల్‌ఫోన్ లైట్లు, ఈలలు,
కుక్కల గొలుసుల చప్పుడు.
ఇటువైపు, నీటి అంచున, తడిబురదలో
చిన్న పాదం గుర్తు. ఇంకొకటి. ఇంకొకటి.
మిగిలిన జమ్ములోకి పోతున్నాయి.
ఏ జంతువో చెప్పడానికి మావ లేడు.
కుక్కపిల్లవే కావచ్చు.

పడవ ఆపి
తెడ్డుతో బురద అలికి వచ్చేశాను.